సైకిలూ టెంటూ: ఈ సంతోషం నిజంగా నిలుస్తుందా?

కొత్తపెడల్:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరంతా రాసేవి చదివి చప్పుడు చేయకుండా వెళ్లిపోయేదాన్ని, ఇవాళ రాయాలనిపించింది. నాకు నలభై ఏడు. ఉద్యోగం బాగానే ఉంది, ఇంట్లో గొడవల్లేవు, పిల్లలు పెద్దవాళ్లైపోయారు. కష్టమని చెప్పుకోవడానికి ఏమీ లేదు, కానీ పొద్దున లేస్తే ఇవాళ ఏ వారమో గుర్తు తెచ్చుకోవాల్సి వస్తోంది. అన్నీ ఒకేలా ఉన్నాయి.

కొన్ని నెలలుగా సాయంత్రాలు సైకిల్ తొక్కుతున్నాను. ఎక్కిన పావుగంటదాకా ఆఫీసు మెయిళ్లే తలలో తిరుగుతుంటాయి, తర్వాత ఎప్పుడో తెలియకుండానే ఆగిపోతాయి. ఆ కాసేపటి కోసమే రోజంతా ఎదురుచూస్తున్నానేమో అని అనుమానంగా ఉంది. ఇప్పుడు క్యారియర్ మీద టెంటు కట్టుకుని ఎక్కడికైనా వెళ్లి, రాత్రి పడుకుని రావాలని కోరిక పుట్టింది. ఇంట్లో చెబితే "దానివల్ల ఏమొస్తుంది?" అన్నారు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగారు. నాకు జవాబు తోచలేదు.

ఏళ్ల తరబడి ఇది చేస్తున్నవాళ్లు చెప్పండి. ఇది కొత్త మోజా, నాలుగు రోజులు పోతే తీరిపోతుందా? లేక నిజంగా ఏమైనా మిగులుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబితే సంతోషం.

ఎదురుగాలి:
ఏమొస్తుందన్నది వెళ్లొచ్చాకే తెలుస్తుంది కాబట్టి ముందు వెళ్లే సంగతి చూద్దామండి. వారం సెలవు పెట్టి, వందల కిలోమీటర్ల మ్యాప్ గీసుకుని మొదలుపెట్టకండి. సాయంత్రం బయల్దేరి, గంటన్నరో రెండు గంటలో తొక్కి, టెంటు వేసుకుని పడుకుని, మర్నాడు మధ్యాహ్నంలోపు ఇంటికొచ్చేయండి. సైకిల్ వాళ్లు దీన్ని ఎస్24ఓ అంటారు, గ్రాంట్ పీటర్సన్ అనే అమెరికన్ సైకిల్ తయారీదారు పెట్టిన పేరు. ఇరవైనాలుగు గంటల్లో ముగిసిపోయే ఒక రాత్రి ప్రయాణం. సెలవు అక్కర్లేదు, ఎవర్నీ ఒప్పించక్కర్లేదు, ఏదైనా మర్చిపోయినా ఒక్క రాత్రే కదా, ఎలాగోలా గడిచిపోతుంది. పెద్ద టూర్ కోసం ఆగేవాళ్లలో చాలామంది ఆగుతూనే ఉండిపోతారు.

అసలు సరదా కోసం టెంటులో పడుకోవడమనే అలవాటు పెరిగిందే సైకిల్ వల్ల. థామస్ హైరమ్ హోల్డింగ్ అని ఇంగ్లండ్‌లో ఒక దర్జీ ఉండేవాడు. సైకిల్ మీద మోసుకెళ్లగలిగే తేలికపాటి టెంట్ల మీద ఆయనకి పిచ్చి. 1901లో సైకిల్ క్యాంపర్ల కోసం ఒక సంఘం పెట్టాడు, అదే ఇవాళ్టి క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్‌కి మూలం. ఇప్పుడు కార్లు, కారవాన్లు వేసుకెళ్లేవాళ్లంతా ఒకరకంగా సైకిల్ వాళ్ల వారసులే అన్నమాట. ఈ మాట కారవాన్ వాళ్ల దగ్గర అనకండి, ఒప్పుకోరు.

సగందూరం:
అందరూ పూలదండలు వేస్తారని తెలుసు కాబట్టి నేను ఎదురు మాట్లాడతాను. తొక్కినంతసేపు బాగుంటుంది, నిజమే. సోమవారం పొద్దున అదే కుర్చీ, అదే బాసు. సమస్య కుర్చీలో ఉంటే దానికి మందు టెంటులో దొరకదు. సైకిల్ మీద "జీవిత పరమార్థం" వెతుక్కుంటున్నామని పోస్టులు పెట్టేవాళ్లలో సగంమంది ఏదో ఒకదాన్నుంచి పారిపోతున్నవాళ్లే. పారిపోవడం తప్పని నేననడం లేదు. దాన్ని పరమార్థం అనకండి, అంతే.

నిద్రగన్నేరు:
సగందూరం గారూ, సగం ఒప్పుకుంటాను (మీ పేరుకి తగ్గట్టే). సోమవారం మారదు. కానీ కొత్తపెడల్ గారు తనకి కష్టమని చెప్పుకునేదేమీ లేదనే రాశారు. పారిపోవడానికైనా తరిమేది ఒకటి ఉండాలి కదా. ఆవిడ చెప్పిన ఇబ్బంది వేరు, రోజులన్నీ కలిసిపోయి గుర్తుండకపోవడం. దానికి మాత్రం టెంటు పనికొస్తుందని నా నమ్మకం.

ఎందుకంటే టెంటుతో వెళ్లినప్పుడు సాయంత్రం నాలుగు దాటాక మన ముందు పని ఒక వరసలో వచ్చి నిలబడుతుంది. నీళ్లు ఎక్కడ నింపుకోవాలి, చీకటి పడేలోపు ఎక్కడ ఆగాలి, నేల చదునుగా ఉందా, వాన వస్తే నీళ్లు ఎటు పారతాయి, తల పైన ఎండిపోయిన కొమ్మ ఏదైనా వేలాడుతోందా. ఆఫీసులో నేను చేసే పని ఎప్పుడు పూర్తయిందో నాకే తెలియదు, ఒక ఫైలు మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది. టెంటుకి నాలుగో మేకు దిగిందంటే అది దిగినట్టే. పని ముగియడమంటే ఎలా ఉంటుందో చాలాకాలం తర్వాత నాకు అక్కడే తెలిసింది.

చోటు ఎంచుకునేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, చల్లగాలి బరువు కాబట్టి రాత్రిపూట పల్లంలోకి దిగి అక్కడే కూర్చుంటుంది. వాగు ఒడ్డున పచ్చిక ఎంత ముద్దొస్తున్నా అక్కడ కాకుండా కాస్త మెరక మీద వేసుకుంటే వెచ్చగానూ ఉంటుంది, మంచు తడి కూడా తక్కువ. నీటికి ఓ అరవై మీటర్ల దూరం పాటిస్తే నీళ్లకీ మంచిది, రాత్రి నీళ్లు తాగడానికొచ్చే జంతువులకీ మనం అడ్డు కాము. రెండు, వెలుతురుండగానే ఆగండి. ఇంకో పది కిలోమీటర్లు వెళ్లగలనని కాళ్లు చెబుతుంటే వాటి మాట వినొద్దు.

ఇంకా, తెల్లారి లేచేసరికి టెంటు లోపలివైపు తడిగా ఉంటే చిరిగిందని కంగారుపడకండి, అది మన ఊపిరే. రాత్రంతా వదిలిన ఆవిరి చల్లటి గుడ్డకి తగిలి నీళ్లవుతుంది. చలేస్తోందని గాలి రంధ్రాలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువవుతుంది. కాస్త తెరిచే ఉంచండి.

పంక్చర్_పురాణం:
వచ్చాను వచ్చాను. తాత్వికులు పక్కకి జరిగితే సామాను సంగతి మాట్లాడుకుందాం.

అక్కా, కొత్త సైకిల్ కొనొద్దు. ఉన్నదానికి క్యారియర్ బిగించే బోల్టు రంధ్రాలు ఉన్నాయా లేదా చూడు. ఉంటే రెండువైపులా సంచులు తగిలించుకోవచ్చు, లేకపోతే సీటు వెనక, హ్యాండిల్ ముందు, ఫ్రేము మధ్యలో కట్టుకునే సంచులున్నాయి. బరువు ఎంత కిందుగా ఉంటే సైకిల్ అంత మాట వింటుంది. క్యారియర్ మీద గోపురంలా పేర్చుకుని వెళ్తే మలుపు తిరిగేటప్పుడు వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు ఉంటుంది. వీపున బ్యాగు మాత్రం వద్దు, గంటలో మెడ పట్టేస్తుంది.

బరువు పెరిగితే మొదట ఏడ్చేది వెనక చక్రం. స్పోకులు విరిగితే ఎక్కువగా అక్కడే, అదీ చైను ఉన్నవైపు. ఒకటి విరగగానే రిమ్ము ఎదురువైపుకి లాగేసి బ్రేకుకి రాసుకుంటుంది. అప్పుడు విరిగినదానికి అటూ ఇటూ ఉన్న రెండు స్పోకుల్ని సగం చుట్టు వదులు చేస్తే ఇంటిదాకా నెట్టుకురావచ్చు. స్పోకు పానా ఒకటి జేబులో పడేసుకో, వేలంత ఉంటుంది.

ఇక పంక్చర్. ట్యూబు తీసేటప్పుడు అది టైర్లో ఏవైపు ఎలా ఉందో గుర్తుపెట్టుకో. వాల్వు దగ్గరే టైరు పేరు రాసిన చోటు వచ్చేలా ముందే ఎక్కించుకుంటే ఇంకా సులువు. ట్యూబులో బెజ్జం దొరికాక వాల్వు నుంచి దాని దూరం చూసుకుంటే టైర్లో ముల్లు ఎక్కడుందో సరిగ్గా తెలిసిపోతుంది. ఆ ముల్లు తీయకుండా ట్యూబు ఎక్కించామా, మళ్లీ మొదటికి. ఉప్పుకాగితంతో రుద్దాక సొల్యూషన్ రాసి వెంటనే ప్యాచ్ అంటించేస్తారు చాలామంది. తొందరొద్దు. తడి మెరుపు పోయి పైన మసకగా అయ్యేదాకా ఆగాలి, వేలు పెట్టి చూడకూడదు. అప్పుడు నొక్కితే ప్యాచ్, ట్యూబు ఒకటైపోతాయి, ఊడమన్నా ఊడదు. ఆ ఆగే నిమిషాలు ఉన్నాయి చూడు, వాన వచ్చేలా ఉన్నప్పుడు, దోమలు కుడుతున్నప్పుడు... అక్కడే మనిషి సహనమెంతో బయటపడుతుంది!

పరమార్థం అన్నారు కాబట్టి నాదీ చెప్తా. మా వీధి పిల్లలకి ఆదివారాలు ఇదంతా నేర్పిస్తుంటా. ముందు నేను టూర్‌కి వెళ్తూ సైకిల్ సర్దుకుంటుంటే చుట్టూ చేరేవాళ్లు, వాళ్ల సైకిళ్లు తెచ్చేవాళ్లు. ఇప్పుడు టూర్లు తగ్గాయి, ఇది పెరిగింది. ఏది ఎక్కువ బాగుందంటే చెప్పలేను.

రాత్రిషిఫ్ట్:
తొక్కితే ఎండార్ఫిన్లు వస్తాయి, సంతోషం అదే. ఇందులో పరమార్థం గిరమార్థం ఏమీ లేదు, కెమిస్ట్రీ.

పుస్తకాలపురుగు:
@రాత్రిషిఫ్ట్ ఆ కెమిస్ట్రీ కూడా కాస్త పాతదండి. రక్తంలో పెరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి అంత తేలిగ్గా దాటలేవు. ఎక్కువసేపు ఒకే తీరుగా కష్టపడ్డాక వచ్చే ఆ హాయికి శరీరం తయారుచేసుకునే ఎండోకన్నబినాయిడ్లు ఎక్కువ కారణమని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. ఏదైతేనేం, రసాయనం వల్ల వచ్చిందని సంతోషం అబద్ధమైపోదు కదా. బెంగ కూడా రసాయనమే, దాన్నెవరూ కొట్టిపారేయరు.

కొత్తపెడల్ గారూ, "ఈ వయసులో ఎందుకు" అన్న అనుమానం మీకూ ఉంటే డెర్వ్లా మర్ఫీ సంగతి వినండి. ఐర్లండ్ ఆవిడ. పదో పుట్టినరోజుకి ఒక పాత సైకిలూ ఒక అట్లాసూ కానుకగా వచ్చాయి, దాంతో సైకిల్ మీద ఇండియా వెళ్లాలని అప్పుడే అనేసుకుంది. తర్వాత మంచాన ఉన్న తల్లికి ఏళ్ల తరబడి సేవ చేస్తూ ఇంట్లోనే ఉండిపోయింది. తల్లి పోయాక 1963 జనవరిలో, ముప్ఫయ్యొకటో ఏట, గడ్డకట్టే చలిలో బయల్దేరింది, ఇండియా చేరింది. ఆవిడ సైకిల్‌కి గేర్లుండేవి, ఆ రోడ్లకి అవి తట్టుకోవని వాటిని తీయించేసి మరీ వెళ్లింది. ఆ తర్వాత ముసలితనం వచ్చేదాకా ప్రయాణాలు చేస్తూనే ఉంది, రాస్తూనే ఉంది.

నాకు ఇందులో నచ్చేది ఆ సాహసం కాదు. ఇరవై ఏళ్లు ఆ కోరిక చెడిపోకుండా అలాగే ఉండటం.

ఎదురుగాలి:
మనవాళ్లూ తక్కువ తినలేదు. 1923లో బొంబాయి నుంచి కొందరు పార్సీ కుర్రాళ్లు సైకిళ్ల మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరారు. ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భుంగారా, ఈ ముగ్గురూ పూర్తి చేసి 1928లో తిరిగొచ్చారు.

సగందూరం:
డెర్వ్లాలు, బాపాసోలాలు గొప్పవాళ్లే, కానీ వాళ్ల కథలు చెప్పి ఆఫీసుకెళ్లే మనిషిని రెచ్చగొట్టడం నాకు నచ్చదు. ఇంకోమాట, ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తున్నా. యాప్ ఆన్ చేసిన రోజునుంచి సైకిల్ కూడా ఆఫీసే. సగటు వేగమెంత, పోయిన వారంకన్నా తగ్గిందా, ఫలానావాడు ఆ ఎత్తు ఎంతసేపట్లో ఎక్కాడు... అక్కడా ఒక బాసు, అక్కడా ఒక టార్గెట్. కొత్తపెడల్ గారి తలలో మెయిళ్లు ఆగిపోతున్నాయంటే ఇంకా యాప్ పెట్టుకోలేదనుకుంటా.

కొత్తపెడల్:
పెట్టుకోలేదండి, ఫోను సంచిలోనే ఉంటుంది :) మీ మాటలు కటువుగా ఉన్నా పనికొస్తున్నాయి, ఆపకండి.

నిద్రగన్నేరు గారూ, మేకు దిగిన సంగతి మా ఇంట్లో చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదుగానీ టెంటు ఎంత బరువుంటుందని అడిగారు. మంచి శకునమే అనుకుంటున్నా.

ఇంకో రెండు సందేహాలు. ఎత్తు ఎక్కేటప్పుడు మోకాలి ముందుభాగం నొప్పి. సామానుతో ఇంకా ఎక్కువవుతుందా? రెండోది, ఒంటరిగా వెళ్లాలా, గ్రూపుతోనా?

ఎదురుగాలి:
మోకాలి ముందువైపు నొప్పంటే చాలాసార్లు సీటు కిందకి ఉందని అర్థం. వెనకవైపు నొప్పయితే మరీ పైకి ఉన్నట్టు. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి, నడుం పక్కకి ఒరగకూడదు. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేసరికి మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే కావాల్సింది. కొద్దికొద్దిగా పైకి లేపుతూ కొన్నాళ్లు చూడండి. అయినా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే.

తర్వాత గేర్లు. ముందు పళ్లచక్రం కన్నా వెనకది పెద్దదిగా ఉండే గేరు ఒకటైనా ఉండాలి, ఉదాహరణకి ముందు 30 పళ్లు, వెనక 34. అప్పుడు పెడల్ ఒక చుట్టు తిరిగినా చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరగదు, నత్తనడకే, కానీ మోకాలు బతుకుతుంది. సామానుతో ఎత్తు ఎక్కేటప్పుడు దిగి నడిపించినా ఎవరూ ఏమీ అనుకోరు, అక్కడ చూసేవాళ్లెవరూ ఉండరు కూడా.

వేగం గురించి అడగలేదుగానీ చెప్పేస్తా. వేగం రెట్టింపు చేయాలంటే గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. అందుకే ఎదురుగాలి ఉన్న రోజు పంతానికి పోయి తొక్కడమంత దండగ ఇంకోటి లేదు. గంటకి పన్నెండో పదిహేనో వస్తే చాలనుకుని వెళ్తుంటే పక్కన పొలంలో ఏ పని జరుగుతోందో కనిపిస్తుంది. నా పేరు చూసి నేనేదో గాలితో కుస్తీపట్టే మనిషిననుకునేరు. అదొచ్చినప్పుడు ఆగి టీ పెట్టుకునే మనిషిని.

నిద్రగన్నేరు:
మొదటిసారి ఒక్కరే వెళ్లొద్దండి. భయపెట్టాలని కాదు, రాత్రి ప్రతి ఆకు చప్పుడుకీ లేచి కూర్చుంటే నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే పొద్దున ఏ అందమూ కంటికి ఆనదు. ఒక్క స్నేహితురాలు చాలు. పదిమంది గ్రూపయితే వాళ్ల వేగం, వాళ్ల ఫొటోలు, వాళ్ల టైము. అనుమతి ఉన్న క్యాంపు స్థలం చూసుకోండి, ఎవరిదో నేలైతే అడిగి ఆగండి. ఎక్కడ ఆగుతున్నారో ఇంట్లో ఒకరికి కచ్చితంగా తెలియాలి, పొద్దున ఎన్నింటికి ఫోన్ చేస్తారో కూడా చెప్పి వెళ్లండి. ఇవన్నీ కుదిరాక, చప్పుళ్లు అలవాటయ్యాక, ఒంటరిగా వెళ్లాలనిపిస్తే మీకే తెలుస్తుంది. నేనిప్పుడు ఎక్కువగా ఒంటరిగానే వెళ్తాను, కానీ అది గొప్ప కాదు, నా స్వభావం అంతే.

స్లీపింగ్ బ్యాగ్ మీద డబ్బు పోసి కింద పరిచే మ్యాట్ మీద పిసినారితనం చేయొద్దు. వేడిని లాగేసేది ఎక్కువగా నేలే. బ్యాగులో మన ఒంటి కింద పడ్డ దూది అణిగిపోయి పనిచేయదు, కాపాడేది మ్యాటే. స్టవ్ టెంటు లోపల వెలిగించకండి, ఎంత వానైనా సరే. మంట కన్నా కనిపించని కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం.

రాత్రిషిఫ్ట్:
నేను వెటకారంగా రాశాను కానీ ఒక మాట సీరియస్‌గా. కొత్తపెడల్ గారూ, మీది విసుగు అయితే సైకిల్ చాలు. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, ఏదీ ఇష్టం లేకపోవడం, తిండి సహించకపోవడం లాంటివి ఉంటే మాత్రం ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సైకిల్ దానికి తోడు, బదులు కాదు. నైట్ షిఫ్టులు చేసి చేసి నాకు ఈ తేడా బాగా తెలుసు.

కొత్తపెడల్:
థాంక్సండి. అలాంటివేమీ లేవు, అయినా అడిగినందుకు బాగుంది.

సీటు లేపించాను, నొప్పి తగ్గుతోంది. వచ్చే శనివారం నేనూ, ఆఫీసులో నాతోపాటు పనిచేసే ఆవిడా వెళ్తున్నాం. ఆవిడ చివరిసారి సైకిల్ ఎక్కింది కాలేజీలోనట, కాబట్టి దూరం బాగా తగ్గించాం. ఇంట్లో "ఏమొస్తుంది" అన్న ప్రశ్న మళ్లీ రాలేదు. వచ్చినా ఇప్పుడు పెద్ద టెన్షన్ లేదు, వెళ్లాలని ఉంది కాబట్టి వెళ్తున్నా అంటాను. సగందూరం గారూ, పరమార్థం దొరికితే మీకు తప్పకుండా చెబుతాను, దొరక్కపోయినా చెబుతాను.

ఒక్కటే చిక్కు. టెంటు కర్రలు పొడుగ్గా ఉన్నాయి, పక్క సంచిలో పట్టడం లేదు. ఎక్కడ కట్టాలి?

సగందూరం:
దొరక్కపోతే ఇంకా వివరంగా రాయండి, అవే చదువుతాను నేను.

పంక్చర్_పురాణం:
కర్రల్ని టెంటు గుడ్డ నుంచి విడదీసి, ఫ్రేము పైకడ్డీ కిందుగా రెండుచోట్ల వెల్క్రో పట్టీలతో కట్టు. పెడల్ వెనక్కి తిప్పి మోకాలు తగలడం లేదని చూసుకో, హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి కేబుళ్లు నలగడం లేదని కూడా చూసుకో. శుక్రవారం సాయంత్రమే సామానంతా ఎక్కించి వీధిలో నాలుగు చుట్లు కొట్టు, గడగడమని ఏదైనా చప్పుడొస్తే అది ఇంటి దగ్గరే రానీ. దిగాక క్యారియర్ బోల్టులు ఇంకోసారి బిగించు. కొత్తగా బిగించినవి మొదటి రైడులోనే వదులవుతాయి.